మీట నొక్కితే వచ్చేదెవరు?

వృద్ధుల సంరక్షణలో తన పాత్ర అనుసంధానం వరకేనని కేంద్ర సామాజిక న్యాయ శాఖ చెప్పుకుంది. 2021 జూన్ 4న ఆర్భాటంగా మొదలైన 'సేజ్' పథకం సారం అదే. ముసలివాళ్లకు సాంకేతిక సేవలందించే అంకుర సంస్థలను ఎంపిక చేస్తారు. ఒక్కోదానిలో కోటి రూపాయల దాకా మూలధనం పెడతారు. సర్కారు వాటా మాత్రం 49 శాతం దాటకుండా చూసుకుంటారు. ఆపైన సంస్థ పాట్లు సంస్థవి, ముసలివాళ్ల పాట్లు ముసలివాళ్లవి. 2024 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ ఇచ్చిన పత్రం ఇదే రాగం అందుకుని తప్పనిసరి పొదుపు, పన్ను సంస్కరణలు, ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టి నెలనెలా డబ్బు తెచ్చుకునే రివర్స్ మార్ట్‌గేజ్ అంటూ చిట్టా విప్పింది. ప్రభుత్వం వాటాదారుగా ఉంటుందట, బిల్లు కట్టేవాడిగా మాత్రం ఉండదట. దీన్ని సంస్కరణ అనమంటున్నారు.

ఈ ఆలోచనంతా నిలబడింది ఒక్క మాట మీద. వృద్ధుల సేవలు వాటంతట అవే నిలదొక్కుకోగలవన్నది ఆ మాట. ముందు నగరాల్లో డబ్బున్నవాళ్లు కొంటారు, వాడకం పెరిగి ధర దిగుతుంది, ఆ తర్వాత పల్లెకూ అందుతుంది. సెల్‌ఫోన్‌కు అలాగే జరిగింది కదా అని దబాయింపు కూడా. వినడానికి బాగుంది. అది నిజం కాదని ఆ మాట చెప్పేవాళ్లకూ తెలుసు.

తమిళనాడులోని ధర్మపురిలో నిలబడి ఈ మాటను తూచి చూడండి. 2021 నాటికే ఆ రాష్ట్ర జనాభాలో అరవై దాటినవాళ్లు 13.6 శాతం. దేశంలో కేరళ తర్వాతి స్థానం. 2031కి అది 18.2 శాతం అవుతుందని జాతీయ గణాంక కార్యాలయం అంచనా. అటువంటి రాష్ట్రంలో, 2011 జనగణన ప్రకారం అక్షరాస్యత అట్టడుగున ఉన్న జిల్లా ధర్మపురి. చేతనైనవాళ్లు బెంగళూరు భవన నిర్మాణ పనులకు, తిరుప్పూరు బనియన్ ఫ్యాక్టరీలకు వెళ్లిపోతారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలి ప్రాణాలే. 2013లో హొగెనక్కల్ నీళ్ల పథకం వచ్చేదాకా దశాబ్దాల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన తరం అది. కీళ్లు బిగుసుకుపోయి, నడుము వంగిపోయి బతకడం ఎలా ఉంటుందో మన నల్లగొండ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి ఒక అవ్వ మెడలో అలారం మీట వేలాడదీశారనుకుందాం. తెల్లవారుజామున దొడ్లో కాలు జారి పడింది, మీట నొక్కింది. ఎక్కడో కాల్ సెంటర్‌లో గంట మోగింది. తర్వాత? పెన్నాగరం దాటాక పొలాల మధ్య ఉన్న ఆ ఇంటికి ఎవరో ఒక మనిషి రావాలి. లేపి కూర్చోబెట్టాలి, ఎముక విరిగిందేమో చూడాలి, ఆసుపత్రికి చేర్చాలి. మీట ధర ఏటా దిగవచ్చు. వచ్చే మనిషి జీతం దిగదు, దిగకూడదు కూడా. వృద్ధుల సేవలో అసలు ఖర్చంతా ఆ మనిషిదే. సెల్‌ఫోన్‌తో పోలిక కూలిపోయేది ఇక్కడే. ఫోన్ అమ్మినవాడు మళ్లీ మన గడప తొక్కనక్కర్లేదు.

నగరంలో ఒకే అపార్ట్‌మెంట్‌లో యాభై మంది చందాదారులు దొరికితే ఒక నర్సు జీతం గిట్టుబాటవుతుంది. ఒక్కో ఇల్లు ఒక్కో గట్టున ఉన్నచోట అదే నర్సు పొద్దస్తమానం తిరిగినా అయిదారు గడపలు దాటలేదు. ఓటింగ్ యంత్రాలను గాడిదల మీద ఎక్కించుకెళ్లిన, ఆ జిల్లాలోనే ఉన్న కోటూరు కొండకు నెలవారీ చందా కోసం ఏ కంపెనీ మనిషి ఎక్కుతాడు? వాడకం పెరిగినంత మాత్రాన ఊళ్ల మధ్య దూరం తగ్గదు. నష్టం వచ్చేచోటికి కంపెనీ వెళ్లదు. అది కంపెనీ తప్పు కాదు. వెళ్తుందని నమ్మబలికేవారిదే తప్పు.

పోనీ, చందా కట్టేదెవరు? ధర్మపురిలో వృద్ధాప్య పింఛను 2023 పెంపుతో నెలకు 1,200 రూపాయలైంది. ఎనభై నిండనివారికి అందులో కేంద్రం వాటా 200. 2007లో ఇందిరాగాంధీ పేరిట పథకం వచ్చినప్పుడూ అంతే. గ్యాస్ బండ, బియ్యం, బస్సు చార్జీ అన్నీ పెరిగాయి, ఈ అంకె కదల్లేదు. రోజుకు ఏడు రూపాయలైనా కాదు, టీకొట్టులో ఒక టీకి చాలదు. పెంచమని పార్లమెంటు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పదేపదే అడిగినా, 2021–26 కాలానికి పాత రేట్లనే ఖాయం చేశారు. ఒక చేత్తో అవ్వకు రెండొందలు విదిల్చి, మరో చేత్తో ఆమెనే కొనుగోలుదారుగా కంపెనీలకు చూపించడానికి ఎంత ధైర్యం కావాలి!

రివర్స్ మార్ట్‌గేజ్ సలహా ఇంకా విడ్డూరం. దానికి సొంతంగా సంపాదించుకున్న ఇల్లు ఉండాలి, హక్కు పత్రాలు సక్రమంగా ఉండాలి. 2007 నుంచి అమల్లో ఉన్నా మహానగరాల్లోనే దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. పోయిన మామగారి పేరునే కాగితాలు ఉన్న పెంకుటింటిని ఏ బ్యాంకు తాకట్టు పట్టుకుంటుంది? పూట కూలితో పొయ్యి వెలిగే ఇంట్లో తప్పనిసరి పొదుపు దేనిలోంచి చేయాలి? దేశంలో 78 శాతం వృద్ధులకు ఏ పింఛను రక్షణా లేదని రాసింది ఈ నీతి ఆయోగ్ పత్రమే. అది రాసిన చేత్తోనే ఈ మందు రాశారు.

సాంకేతిక సేవ దేని మీద నిలబడుతుందో తెలుగువారు ఒకరి దగ్గర నేర్చుకోనక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అలాంటి సేవే. ఫోన్ ఎత్తే కేంద్రం, దగ్గర్లో ఉన్న వాహనాన్ని పంపే ఏర్పాటు, శిక్షణ పొందిన సిబ్బంది అన్నీ ప్రభుత్వం బయటి నిర్వహణలోనివే. అది నిలదొక్కుకున్నది రోగుల దగ్గర చందా వసూలు చేసి కాదు, నడిపే ఖర్చులో సింహభాగం రాష్ట్ర ప్రభుత్వం భరించబట్టి. 2009 జనవరిలో సత్యం కంపెనీ కుంభకోణం బయటపడి, 108ను స్థాపించిన ఆ కంపెనీ అధినేతే అరెస్టయ్యాడు. నిర్వహణ మరో సంస్థ చేతికి మారింది, బండి మాత్రం ఆగలేదు. చందాల మీద నడిచే కంపెనీకే ఆ గతి పట్టి ఉంటే వారం తిరక్కుండా షట్టర్ పడేది. 2008లో ఆ నమూనాను తమిళనాడు తెచ్చుకుంది. మన అవ్వ పడిపోతే ఈ రోజుకూ గడప దాకా వచ్చేది 108 బండే.

సేజ్ ప్రకటించిన రెండు నెలలకు, 2021 ఆగస్టు 5న, కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకం ప్రారంభించారు. 2004 దాకా ఆ ప్రాంతం ధర్మపురి జిల్లాలోదే. స్వయం సహాయక సంఘం నుంచి వచ్చిన ఆరోగ్య వాలంటీరు అరుగు మీద కూర్చుని అవ్వ జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. అంకెలు తన ఫోన్‌లో ఎక్కిస్తుంది. మాత్రల పట్టీలు చేతిలో పెట్టి, ఏది పొద్దున ఏది రాత్రి అని మళ్లీ ఒకసారి చెబుతుంది. అవ్వ యాప్ తెరవనక్కర్లేదు, తిరుప్పూరులోని కొడుకు ఫోన్‌కు వచ్చే ఓటీపీ కోసం కాచుకోనక్కర్లేదు. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్య సమితి పురస్కారం దక్కింది. అలాగని చెన్నై పెద్దలు జబ్బలు చరుచుకోనక్కర్లేదు. ఎండలో తిరిగే ఆ మహిళకు మొదట్లో ఇచ్చింది నెలకు 4,500 రూపాయల 'ప్రోత్సాహకం'. జీతం అనడానికి కూడా నోరు రాలేదు.

వృద్ధుల సాంకేతికతకు జపాన్‌ను ఉదాహరణగా చూపేవాళ్లు అక్కడి ఖాతా పుస్తకం మాత్రం తెరవరు. 2000 ఏప్రిల్ నుంచి అక్కడ సంరక్షణ బీమా ఉంది. నలభై దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు. ఆ నిధిలో సగం ప్రీమియంలది, సగం పన్నులది. సేవ పొందే వృద్ధుడు కట్టేది సాధారణంగా పదో వంతు, కలిగినవాళ్లయితే 20 నుంచి 30 శాతం. సేవలు అందించేవాళ్లలో ప్రైవేటు కంపెనీలూ బోలెడు. రేటు నిర్ణయించేది మాత్రం ప్రభుత్వం.

అంకుర సంస్థలకు చురుకు ఉంది, సర్కారు శాఖలకు బద్ధకం ఉంది, బెంగళూరులో సంపాదిస్తున్న కొడుకు అమ్మకోసం సంతోషంగా చందా కడతాడు అన్న వాదనల్లో నిజం లేకపోలేదు. ఆ చురుకును ప్రభుత్వం కొనుక్కోవచ్చు, ఆ కొడుకు చేత తన వాటా కట్టించనూవచ్చు.

చేయాల్సింది స్పష్టం. కేంద్రం పింఛను వాటాను పెంచి, ధరలతోపాటు పెరిగేలా ముడిపెట్టాలి. ఇంటికొచ్చి చూడటం, మాత్రలు, అత్యవసర పిలుపు, ఆసుపత్రికి చేర్చడం కలిపి ఒక సేవగా లెక్కగట్టి, వృద్ధుడికి నెలకు ఇంత అని ప్రభుత్వమే చెల్లించాలి. కొండ ఊరికి ఆ రేటు ఎక్కువ ఉండాలి. కంపెనీలు, సహకార సంఘాలు పోటీపడి ఆ పని తీసుకోవచ్చు. గడప ఎక్కే మనిషికి కనీస వేతనం ఒప్పందంలోనే రాయాలి. అవ్వ బీపీ అంకెలు, జబ్బుల చిట్టా ప్రజల ఆస్తిగా ఉండాలి, అమ్ముకునే సరుకు కాకూడదు. సంస్థ మూతపడితే సేవ ఒక్కరోజూ ఆగకుండా అప్పగింత పూచీకత్తు ముందే కట్టించుకోవాలి. పని జరిగిందా లేదా అన్నది గ్రామసభలో ముసలివాళ్ల ముందే చదివి వినిపించాలి.

డబ్బులేవని ఢిల్లీ అనవద్దు. కంపెనీల్లో వాటాలు కొనడానికి దొరికిన డబ్బు, అవ్వ బిల్లు కట్టేసరికి కనబడకుండా పోతే అది ఖజానా లోటు కాదు, మనసు లోటు. వృద్ధుల పేరు చెప్పి వాటాలు కొన్నది చాలు, ఇక వాళ్ల బిల్లు కట్టండి.