తిరిగొచ్చినా తీర్చగలిగేంతే అప్పు

అమెరికాలో ఎంఎస్‌కు ఎంత అప్పు చేయొచ్చు? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు మూడు జవాబులు వినిపిస్తాయి: విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో రాసినంత, బ్యాంకు ఇస్తానన్నంత, ఇంటి కాగితాలు పెడితే వచ్చినంత. మొదటిది విశ్వవిద్యాలయం చెప్పే ధర, రెండోది బ్యాంకు ధీమా, మూడోది తండ్రి ఆస్తి విలువ. చదువు ముగించిన బిడ్డ నెలనెలా ఎంత కట్టగలడన్నది మూడింటిలోనూ లేదు. అసలు తేల్చుకోవాల్సింది అదే. ఆ లెక్కకూ డాలరు జీతాన్ని పట్టుకోకూడదు. అక్కడ ఉద్యోగం దొరక్క హైదరాబాద్‌కో విశాఖకో తిరిగొస్తే చేతికొచ్చే జీతమే ప్రాతిపదిక కావాలి.

అంకెలు వేసి చూద్దాం. రెండేళ్ల కోర్సుకు రూ.40 లక్షల రుణం, 11 శాతం వడ్డీ. సగం చేరేటప్పుడు, మిగతా సగం ఏడాది తర్వాత తీసుకున్నారనుకుందాం. చదువయ్యాక ఆరు నెలల గడువు ముగిసేసరికి సాధారణ వడ్డీయే రూ.8.8 లక్షలు పేరుకుంటుంది. కట్టకపోతే అది అసలులో కలుస్తుంది. అలా రూ.48.8 లక్షలైన అప్పును పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ సుమారు రూ.67 వేలు. పదిహేనేళ్లకు సాగదీస్తే రూ.55 వేల చిల్లరకు దిగుతుంది గానీ, మొత్తం కట్టేది కోటి రూపాయల దాకా వెళ్తుంది.

ఏడాదికి 80 వేల డాలర్లు వచ్చే ఉద్యోగికి ఈ రూ.67 వేలు పెద్ద బరువు కాదు. డాలరు రూ.90 అనుకుంటే 750 డాలర్లు. ఇక్కడి ఐటీ సర్వీసుల కంపెనీలో మూడున్నర లక్షల ప్యాకేజీతో చేరిన కుర్రాడికైతే నెల జీతానికి రెట్టింపు దాటిపోతుంది. డిగ్రీ అదే, అప్పూ అదే. తేడా అంతా వీసాది.

ఆ వీసా ఎంత గట్టిదో చూడండి. స్టెమ్ కోర్సు చదివినవారికి చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద పనిచేసే వీలు మొత్తం మూడేళ్లు. ఆ తర్వాత హెచ్-1బీ లాటరీ. కంపెనీలకు ఏటా ఇచ్చే కొత్త వీసాలు 85 వేలే. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. ఈలోగా ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టి ఉండదో! మూడేళ్ల అనుమతిని నమ్ముకుని పదేళ్ల అప్పు చేస్తున్నామన్నది ఇక్కడ గుర్తించాల్సిన సంగతి.

రూపాయి కూడా మన చేతిలో లేదు. 2024 ఆరంభంలో డాలరు రూ.83 దగ్గరుంది. 2025 డిసెంబరులో రూ.90 దాటింది. 25 వేల డాలర్ల ఫీజు కట్టాలంటే ఈ ఒక్క మార్పుకే రూ.1.75 లక్షలు అదనం. మంజూరైన రుణం చాలక, తక్కువ పడిన సొమ్మును ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే ఇళ్లున్నాయి. ఏడాదికది 24 శాతం.

ఈ భారమంతా చివరికి ఎవరి మీద పడుతుంది? సహ రుణగ్రహీతగా సంతకం చేసిన తండ్రికి 52 ఏళ్లనుకుంటే, ఈఎంఐలు తీరేనాటికి ఆయనకు 65 దగ్గరపడతాయి. ప్రభుత్వోద్యోగి తెలంగాణలో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 62కి రిటైరవుతాడు. బ్రిటన్‌లో స్థానిక విద్యార్థుల రుణాల తీరు వేరు. జీతం ఒక పరిమితి దాటితేనే, ఆ దాటిన మొత్తంలో 9 శాతం తీసుకుంటారు. ఆస్ట్రేలియా 1989లోనే జీతాన్ని బట్టి వసూలు చేసే పద్ధతి తెచ్చింది. మన దగ్గర ఉద్యోగం వచ్చినా రాకపోయినా గడువు తీరగానే ఈఎంఐ మొదలవుతుంది. నష్టాన్ని పంచుకునేవారే లేనప్పుడు జాగ్రత్త పూర్తిగా మనమే పడాలి.

అందుకే ఈఎంఐ ఇక్కడ వచ్చే జీతంలో మూడో వంతు మించకూడదంటాను. రెండు మూడేళ్ల అనుభవంతో నెలకు రూ.60 వేలు చేతికొస్తాయనుకుంటే కట్టగలిగేది రూ.20 వేలు. పై షరతుల్లో దానికి సరిపోయే రుణం సుమారు రూ.12 లక్షలు. అమెరికా ఖర్చు ముందు ఇది చిన్న మొత్తమే. కానీ మిగతాది ఎక్కడి నుంచి తేవాలో వెతికించేది ఈ అంకే. అసిస్టెంట్‌షిప్ వచ్చే చోటు చూసుకోవచ్చు. ఇక్కడే రెండేళ్లు పనిచేసి కొంత కూడబెట్టుకుని వెళ్లొచ్చు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది. దేశంలోని పేరున్న సంస్థలకైతే పీఎం విద్యాలక్ష్మి కింద హామీ లేని రుణం ఉంది. కుటుంబ ఆదాయం రూ.8 లక్షల లోపైతే రూ.10 లక్షల వరకు వడ్డీలో 3 శాతం రాయితీ కూడా దొరుకుతుంది.

ఇలా గిరి గీస్తే ఉన్నవాళ్ల పిల్లలే విమానం ఎక్కుతారు కదా అనొచ్చు. ఆ అభ్యంతరం తోసెయ్యదగ్గది కాదు. అయితే రెండిళ్లున్నవాడికి రూ.40 లక్షలు పోతే అది నష్టం, ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టినవాడికి సర్వనాశనం. పేదింటి బిడ్డకు కావాల్సింది పెద్ద అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేని సాయం. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రూ.20 లక్షల దాకా ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటివి విస్తరించాలని, సొమ్ము సకాలంలో విడుదల చేయాలని అడగాలి.

బ్యాంకుల మీదా ఒక బాధ్యత పెట్టాలి. మంజూరు పత్రంలో గడువు ముగిసేనాటి మొత్తం అప్పు, ఈఎంఐ, అది కట్టడానికి రూపాయల్లో ఎంత జీతం ఉండాలన్నది తెలుగులో మొదటి పేజీలోనే అచ్చేయాలి. ‘లోన్ మేమే చేయిస్తాం’ అనే కన్సల్టెన్సీలు ఏ విశ్వవిద్యాలయం నుంచి, ఏ రుణసంస్థ నుంచి కమీషన్ తీసుకుంటున్నాయో ముందే చెప్పాలని రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధన పెట్టాలి. ఆ రోజు వచ్చేదాకా ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవాలి, అదీ తండ్రి సంతకం పెట్టకముందే.