స్టారు అంటే ఏ నంబరు స్టారు?

పోయిన నెల కుట్టుమిషను బెల్టు గురించి వ్రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఒకటి భట్టిప్రోలు వైపు నుండి ఒక సహోదరి వ్రాసినది. "మా ఇంట్లో పాత కంప్యూటరు ఉన్నది. దానికి మెమరీ పెంచుకోవాలంటే డబ్బా ఏ స్క్రూడ్రైవరుతో విప్పాలి? ఇంట్లో ఉన్న టెస్టరు సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదమ్మా. ఆ సంగతి మాకు బాగా తెలుసు. ఎట్లా తెలిసిందో చెప్పేసరికి ఈ నెల పుట అయిపోయేట్టున్నది.

మాది రేపల్లె దగ్గర పల్లె. మా సంఘంలో ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఉన్నది. రిటైరైన సంఘస్థుడు ఒకాయన ఇచ్చారు. పిల్లలు టైపు నేర్చుకోవడానికి పనికివస్తుందని పాస్టరుగారి ఇంటి వరండా గదిలో పెట్టాము. డిగ్రీ చదివే ఒక అమ్మాయి దానిమీద పెద్ద పనే పెట్టుకున్నది. సంఘం యొక్క పాత సమాధుల రిజిష్టరును టైపు చేయడం మొదలుపెట్టింది.

ఆ రిజిష్టరు గురించి రెండు మాటలు చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణకు ఇవతల మా రేపల్లె వైపునూ విడిచిపెట్టలేదు. ఆ తడిలో రిజిష్టరు నానింది. సిరా పాకిపోయింది. ఇప్పుడు పుట తిప్పితే అంచు పొడిపొడిగా చేతికి వస్తున్నది. పేరు, వయస్సు, ఊరు, తేదీ, అంతే. కొందరికి ఈ భూమి మీద మిగిలిన గుర్తు ఆ ఒక్క వరుసే. అందుకని ఆ అమ్మాయి ప్రతి పుటను సెల్‌ఫోనుతో ఫొటో తీసి, ఫొటో ప్రక్కనే అక్షరాలు టైపు చేస్తూ వచ్చింది. రేపు ఎవరికైనా అనుమానం వస్తే అసలు పుట చూసుకోవచ్చునని. మంచి ఆలోచనే. అయితే ఫొటోలు పెరిగేకొద్దీ ఫైలు బరువెక్కింది. నలభై పుటలు దాటేసరికి కంప్యూటరు ఆ ఫైలు తెరవడానికే మొరాయించింది. తెరమీద గడియారం గుర్తు తిరుగుతూనే ఉండేది. వేరేచోట నకలు తీసి పెట్టుకోలేదు. అది మా అందరి అశ్రద్ధ.

రేపల్లెలో చూపిస్తే, "పాతదైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నారు. సంఘం పెట్టెలో అంత డబ్బెక్కడిది? చదువుకున్న కుర్రవాడొకడు చూసి, "కంప్యూటరు బాగానే ఉంది, మెమరీ రెండు జీబీ మాత్రమే ఉంది. ఇంకొకటి వేస్తే చాలు" అన్నాడు. మెమరీని షాపుల్లో ర్యామ్ అంటారు. వంటింట్లో కూరలు తరగడానికి పీట ముందున్న చోటు వంటిది అది. హార్డ్ డిస్కు సామాన్ల గది. గది ఎంత పెద్దదైనా, తరిగే చోటు చేటంత ఉంటే పదిమందికి వంట సాగదు గదా.

ఇక విప్పడం. డబ్బా వెనుక ప్రక్కరేకును పట్టుకొని నాలుగు స్క్రూలు ఉన్నాయి. తలమీద కూడిక గుర్తు వంటి గాడి. మాలో ఒకరు ముందు టెస్టరు పెట్టి తిప్పారు. ఎవరో ఇక్కడ వ్రాయము. అది జారింది. తరువాత సెల్‌ఫోను బాగుచేసే చిన్న సెట్టు ఎరువు తెచ్చి, అందులో పెద్దదిగా కనిపించిన స్టారు పెట్టి బలంగా తిప్పారు. అదీ జారింది. మళ్లీ తిప్పారు. మూడోసారికి స్క్రూ తలమీది గాడి అరిగి గిన్నెలాగా గుండ్రంగా అయిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అనకుండా నిలబడి చూసింది. అదే మాకు ఎక్కువ బాధనిపించింది.

మిగతా మూడింటినీ ముట్టుకోకుండా రేపల్లె బజారుకు వెళ్లాము. కరెంటు సామాన్ల షాపులో టెస్టర్లు, కుట్టుమిషనుకు వాడే పొట్టివి, గడియారాలకు వాడే సూదుల వంటివి చూపించారు. స్టారు ఒకటి ఉన్నది గాని, అది ఇంజను పనికి వాడేంత లావు. 2022 ఏప్రిల్ నుండి మా జిల్లా కేంద్రం బాపట్ల, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. అయినా ఇనుప సామాను కావాలంటే మా వైపువారి కాళ్లు తెనాలి రైలే ఎక్కుతాయి. మేమూ ఎక్కాము. బయలుదేరే ముందు చేసిన తెలివైన పని ఒకటున్నది. డబ్బా వెనుక చేతితోనే తిరిగిపోయేంత వదులుగా ఉన్న అదే రకం స్క్రూ ఒకటి తీసి, కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్లాము.

తెనాలిలో హార్డ్‌వేరు షాపు పెద్దాయన, "స్టారు కావాలండీ" అనగానే, "ఏ నంబరు?" అన్నారు. మేము మొహాలు చూసుకున్నాము. స్టారుకు నంబరు ఉంటుందని ఆ రోజుదాకా మాకు తెలియదు. కాగితం విప్పి స్క్రూ చూపించాము. ఆయన మూడు స్క్రూడ్రైవర్లు బల్లమీద పెట్టి ఒక్కొక్కటే ఆ గాడిలో పెట్టి చూపించారు. ఒకటో నంబరు గాడిలోకి దిగింది గాని లోపల గలగల ఆడింది. మూడో నంబరు దిగనే లేదు. రెండో నంబరు అచ్చు పోసినట్టు కూర్చున్నది. అడ్డంగా పట్టుకుంటే స్క్రూ క్రిందపడకుండా మొనమీద నిలిచింది. "అయస్కాంతం మొనలైతే ఈ పరీక్ష నమ్మకండి, అవి వదులుగా ఉన్నా పట్టుకుంటాయి. ఆడించి చూడండి" అన్నారు. అయస్కాంతం మొన మెమరీని పాడుచేస్తుందేమోనని అడిగాము. పూర్వం ఫ్లాపీలకు ఆ భయం ఉండేది. స్క్రూడ్రైవరు మొనలో ఉండేపాటి అయస్కాంతం మెమరీనిగాని, డబ్బాలోని హార్డ్ డిస్కునుగాని ఏమీ చేయదు.

ఈ కూడిక గుర్తు గాడికి ఫిలిప్స్ అని పేరు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు హెన్రీ ఫిలిప్స్ 1936లో దానికి పేటెంట్లు పొందాడు. మొదట కాడిలాక్ కార్ల తయారీలో వాడారు. మన ఇళ్లలో రేడియోలకు, బల్బులకు ఉన్న ఫిలిప్స్ పేరుకూ ఈయనకూ ఏ సంబంధమూ లేదు. ఈ గాడి గోడలు నిటారుగా ఉండవు, లోపలికి పోనుపోను సన్నబడతాయి. అందుచేత తిప్పేటప్పుడు మొన పైకి తన్నుకొని వస్తుంది. గాడికంటే చిన్న మొన పెడితే అది అడుగును తాకుతుంది గాని ప్రక్క గోడలను పట్టదు, అంచులను గీరుకుంటూ పోతుంది. మేము చేసింది సరిగ్గా అదే. స్టారే పెట్టాము గదా అనుకున్నాము. మామూలు డెస్క్‌టాప్ డబ్బా స్క్రూలకు రెండో నంబరు కావాలి. దాని కమ్మి సుమారు ఆరు మిల్లీమీటర్ల లావు ఉంటుంది, పిడిమీద పీహెచ్ 2 అని ఉంటుంది. లోపల సీడీ డ్రైవును బిగించే సన్న మరల స్క్రూలు వేరు. వాటినీ వీటినీ ఒకే గిన్నెలో కలపకండి. ఒకదాని చోట ఒకటి బలవంతంగా ఎక్కిస్తే మర చెడిపోతుంది.

కొన్ని కంపెనీ కంప్యూటర్లకు ఆరు కోణాల నక్షత్రం గాడి ఉంటుంది. అది టార్క్స్, 1967లో వచ్చినది. నిజానికి స్టారు అనే పేరు దానికే తగును. అటువంటి డబ్బాలకు ఎక్కువగా టీ 15 సరిపోతుంది. నక్షత్రానికి అడ్డంగా ఒక గీత గాడి కూడా ఉంటే వెడల్పు సరిపోయిన మామూలు చదును స్క్రూడ్రైవరుతోనే విప్పవచ్చు. కొన్నింటికి చేతితో తిప్పే పెద్ద తలల స్క్రూలే ఉంటాయి. గనుక ఉత్తరం వ్రాసిన సహోదరి ముందు డబ్బా వెనుకకు వెళ్లి టార్చిలైటు వేసి చూడవలెను. ఏమీ కొనే పని లేకపోవచ్చు.

రెండో నంబరుతో మూడు స్క్రూలు వెన్నలో కత్తిలాగా వచ్చాయి. అరిగినది మాత్రం రాలేదు. డ్రిల్లు పెట్టి తొలిచేద్దామని ఒకరన్నారు. బాపట్లలో ఫిట్టరు పనిచేసి రిటైరైన మా బాబాయిగారికి ఫోను చేశాము. డ్రిల్లు మాట వినగానే కేకవేశారు. ఇనుప రజను లోపల బోర్డుమీద పడితే కరెంటు పెట్టిన క్షణాన మొత్తం కాలిపోతుందట. "ముట్టుకోకుండా తీసుకురండి" అన్నారు.

డబ్బాను పాత దుప్పటిలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకొని బాపట్ల వెళ్లాము. కండక్టరు పసిబిడ్డేమో అనుకొని తొంగిచూశాడు. బాబాయిగారు కళ్లద్దాలు పెట్టుకొని స్క్రూ తల చూసి, "టెస్టరు పెట్టావా? ఒరేయ్, టెస్టరు కరెంటు ఉందో లేదో చూడటానికిరా!" అన్నారు. (దీనితో మాలో ఎవరో మీకు తెలిసిపోయింది.) ఆయన సైకిలు ట్యూబులోనుండి రూపాయి బిళ్లంత ముక్క కత్తిరించి అరిగిన తలమీద వేశారు. దానిమీద రెండో నంబరు నిటారుగా నిలిపి, అరచేతితో పైనుండి తన బరువంతా మోపి, చాలా నెమ్మదిగా తిప్పారు. తిప్పే బలంకంటే నొక్కే బలమే ఎక్కువ. రబ్బరు అరిగిన గుంటలలోకి దూరి పట్టు ఇచ్చింది. కిర్రుమని ఒక శబ్దం, అంతే, స్క్రూ కదిలింది.

లోపల చూస్తే మెమరీకి అసలు స్క్రూయే లేదు! రెండు చివరల రెండు క్లిప్పులు, అంతే. ఇంత తిరుగుడూ రేకు కోసమే. పాత కడ్డీ తీసి, అటువంటిదే మరొకటి కొన్నాము. పాతది వెంట తీసుకువెళ్లి చూపించి కొనడం మంచిది. డీడీఆర్ 2, డీడీఆర్ 3 రెండింటికీ 240 కాళ్లే ఉంటాయి గాని మధ్యనున్న నొక్కు వేరుచోట ఉంటుంది, ఒకదాని చోట మరొకటి ఎక్కదు. ఇంకొక సంగతి: మీది 32 బిట్ల విండోస్ అయితే నాలుగు జీబీకి మించి వేసినా వృథాయే.

వేసే ముందు ప్లగ్గు పీకివేసి, స్విచ్చి బటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. రంగు లేని రేకును చేతితో తాకి, అప్పుడే కడ్డీని అంచులతో పట్టుకోవాలి. బంగారు రంగు కాళ్లు మసకబారితే పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు రాల్చివేయాలి. నొక్కు చూసుకొని రెండు చివరలా క్లిప్పులు టిక్కుమనేదాకా నొక్కాలి. స్విచ్చి వేయగానే బీప్ బీప్ అని అరిస్తే భయపడకండి, సరిగా కూర్చోలేదని అర్థం, తీసి మళ్లీ నొక్కండి. మాకు రెండోసారికి కూర్చున్నది.

ఫైలు తెరుచుకున్నది. ఆ అమ్మాయి టైపు చేయడానికి కూర్చోకముందే రెండు పెన్‌డ్రైవులలో నకళ్లు తీసింది. ఒకటి బాపట్లలో బాబాయిగారి బీరువాలో, రెండోది తెనాలిలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాయి. కంప్యూటరుకు ఇంటర్నెట్టు తీసివేశాము. అంత పాత విండోస్‌తో నెట్టులో తిరగడం మంచిది కాదు, టైపు పనికి నెట్టుతో అవసరమూ లేదు. నవంబరు 1977 పుటలకు రావడానికి ఆమెకు మరి మూడు వారాలు పట్టింది. అక్కడ సిరా బాగా పాకింది గనుక రెండు పేర్లు మాత్రం ఇప్పటికీ చదవడం సాధ్యపడలేదు. ఫొటోలు పెద్దవి చేసి ఊళ్లో పెద్దవారికి చూపిస్తున్నది.

రెండో నంబరు స్క్రూడ్రైవరును గుడి మైకుసెట్టు విప్పడానికి ప్రక్క ఊరివారు పట్టుకువెళ్లారు. ఈ పుట చదివితే వారు తిరిగి పంపగలరని కోరుచున్నాము.