గోడకు కోటు తొడుగుతారా?

మా ఇంట్లో గోడలకు కోటు తొడగాలని ఒక ఉద్యమం లేచింది. లేవదీసింది మా వారు. వెనకనుంచి తోసింది బెంగుళూరులో ఉండే మా మరిది. అతని ఫ్లాటులో హాలు పైకప్పుకూ, టీవీ వెనక గోడకూ గట్టి చెక్క పలకలు కొట్టించాడట. ఫోనులో ఫోటోలు పంపాడు. అవి చూసిన దగ్గరనుంచీ మా వారికి మా తెల్లగోడలు వెలవెలపోతున్నట్లు కనిపించసాగాయి.

"హాలు పైకప్పుకు పూర్తిగా, భోజనాల గదికి నడుమెత్తు దాకా కొట్టిద్దాం. చెక్క ఆఫ్రికాది" అన్నారు గర్వంగా. అంటే ఆఫ్రికాలో కొట్టిన చెట్టు ఓడెక్కి, లారీ ఎక్కి మా ఐరాలకు వస్తుందన్నమాట! మా మండలంలోనే ఉన్న కాణిపాకం స్వామిని చూడవచ్చే భక్తుల్లో కూడా అంత దూరం నుంచి వచ్చేవాళ్లు తక్కువే.

ఖర్చెంత అని అడిగాను. అమ్మాయి బి.ఎడ్. చదువుకని పోస్టాఫీసులో వేసుకున్న డబ్బు మొత్తం. "చదువుకు మళ్లీ చూసుకోవచ్చులే" అన్నారు. గోడకు వెంటనే కోటు కావాలి గానీ ఆడపిల్ల చదువు మాత్రం ఆగవచ్చు! ఆ మాటతోనే నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. దాచుకోవడం ఎందుకు?

అసలు సంగతి వినండి. ఇప్పుడున్న మా స్లాబు ఇల్లు కట్టకముందు ఇదే స్థలంలో మా మామగారి నాయన కట్టించిన మట్టిమిద్దె ఉండేది. వేప దూలాలు, టేకు దంతెలు. పడగొట్టిన రోజున పాతసామాను వ్యాపారి ఒకాయన వచ్చి, అంతా కలిపి ఒక ధర చెప్పి, ట్రాక్టర్లో వేసుకుపోయాడు. ఆ డబ్బు ఇటుకలు మోసిన కూలీకి కూడా చాల్లేదు. పలకల కొలతలకు వచ్చిన ఆచారి ఈ కథ విని నెత్తి కొట్టుకున్నాడు.

"అంత పాత కొయ్య ఎప్పుడో ఆరిపోయుంటుంది అక్కా. ఇంక వంగేదీ లేదు, పగిలేదీ లేదు. దాన్ని అగ్గవకు అమ్మేసి, ఇప్పుడు పచ్చి పలకలు పిరానికి కొంటా ఉండారు గదా!"

చూశారా? ఇంట్లో ఉన్న చేవను అమ్ముకుని, సముద్రం అవతలి చెక్కకు బేరం చేయడం మన కొత్త నాగరికత!

చేవ అనే మాటను మనం మనుషులకు వాడుకుంటాం గానీ అది ముందు కొయ్య మాట. చెట్టు నడిమధ్య ముదిరిన నల్లటి భాగం చేవ. చుట్టూ ఉండే తెల్లటి లేత భాగానికి ఆ బలం లేదు. చెదలకూ పుచ్చుపురుగుకూ ముందు విందు అదే. టేకుకు అంత పేరు వచ్చింది దాని చేవవల్ల. అడితిలో పలక మీద రంగు పూసో, పాలిష్ కొట్టో చూపిస్తే చేవ ఏదో, తెల్ల చెక్క ఏదో మీకు తెలియదు. అంచు చూపించమనండి. చూపించకపోతే చెప్పులు వేసుకుని ఇంటికి రండి.

పేర్ల గారడీ ఇంకొకటి. మేము వెళ్లిన అడితిలో అన్నీ టేకులే! బర్మా టేకు, ఘనా టేకు, ఆఫ్రికన్ టేకు. ఘనాలో నిజంగానే టేకు తోటలు ఉన్నాయి. కానీ 'ఆఫ్రికన్ టేకు' అనే పేరుమీద ఇరోకో అనే వేరే చెట్టు చెక్క కూడా అమ్ముడుపోతుంది. అది మన పనస, మర్రి కుటుంబానిది. మంచి చెక్కే, కాదనను. కానీ టేకుతో దానికి చుట్టరికం లేదు. ఇక బర్మావాళ్లు 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగలను దేశం దాటనివ్వడం ఆపేశారు. "దుంగ మొన్ననే దిగిందండీ, అసలు బర్మా" అని ఎవరైనా అంటే కాగితం చూపించమని అడగవలసిందే. నేను అడిగాను. అడితి ఆయన నా వైపు చూడకుండా మా వారితో, "ఆడవాళ్లకు ఇవన్నీ ఎందుకు సార్" అన్నాడు.

ఎందుకో చెబుతాను. ఎర్రచందనం మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందాల కట్టడి ఉంది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయినా గొడ్డలి ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న ఆ కొండల్లో పోలీసు కాల్పులకు 20 మంది చనిపోయారు. కూలికోసం తమిళనాడునుంచి వచ్చినవాళ్లు. ఎక్కడో చైనాలో ఒక పెద్దింటి కుర్చీకోసం మన కొండలు బోడి అవుతుంటే, "ఆ కొనేవాళ్లు ఒక్కసారైనా ఈ చెక్క ఎక్కడిదని అడగరా?" అని మనమే కదా తిట్టుకున్నాం? మరి ఇప్పుడు మన హాలు పైకప్పుకోసం ఎవరి కొండ బోడి అవుతోందో మనం అడగవద్దా? అక్కడా ఒక ఊరు ఉంటుంది. అక్కడా గొడ్డలి పట్టిన కూలివాడికోసం ఎదురుచూసే ఇల్లాలు ఉంటుంది. నాకు సంబంధం లేదని మిగతా జిల్లాలవాళ్లు అంటే అననివ్వండి. చిత్తూరు, తిరుపతివాళ్లం మనకు ఆ మాట అనే హక్కు లేదు.

"చెక్క లేనిదే ఇంటికి అందం రాదు" అంటారు మా వారు. చంద్రగిరికి తీసుకుపోయి రాజమహలు చూపించాను. విజయనగర రాజుల నాటి మూడంతస్తుల భవనం. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టుబడిలో కొయ్య లేదంటారు. కావలసినంత కొయ్య తెప్పించుకోగల రాజులకే అక్కర్లేకపోయింది. మనకెందుకు వచ్చింది ఈ తిప్పలు?

ఎదుటివాళ్ల మాటా వినాలి. ప్లాస్టిక్ పలకలకంటే చెక్క నయం కదా అంటారు. నిజమే. స్లాబు కింద పలకలు కొడితే మధ్య గాలి ఉండి, ఎండ కొంచెం తగ్గుతుందంటారు. అదీ నిజమే. కానీ ఎండ తగ్గడానికి మిద్దెపైన తెల్లగా సున్నం కొట్టుకుంటే చాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పులకని ఒక విధానమే ప్రకటించింది. దాంట్లో తెల్లరంగుదే పెద్దపీట. మన అవ్వలకు ఈ విద్య తెలియనిదా?

ఇంతా విని కూడా కొట్టించే తీరాలంటారా? సరే, డబ్బు మీది. కానీ పని తీరు తెలుసుకుని కొట్టించండి. మన సీమలో మే నెలలో గాలి పొడిబారి కొయ్య కుంచించుకుపోతుంది. కార్తీకం వానలకు ఉబ్బుతుంది. కాబట్టి పలకలు తెచ్చిన రోజే కొట్టనివ్వకండి. ఏ గదిలో కొట్టాలో ఆ గదిలోనే, పలకకూ పలకకూ మధ్య రీపర్లు పెట్టి, రెండు మూడు వారాలు పేర్చి ఉంచండి. కొత్త గోడ పూర్తిగా ఆరనివ్వండి. గోడకు ముందు రీపర్లు కొట్టి, వాటిమీద పలకలు బిగించాలి. వెనక గాలి ఆడాలి. ఒక పలక అంచు నాలుకలాగా, పక్క పలక అంచు గాడిలాగా ఉండి ఒకదాన్లో ఒకటి కూర్చుంటే, కుంచించుకున్నా సందు బయటపడదు. గోడ మూలల్లో అర అంగుళం ఖాళీ వదలమనండి, లేకపోతే వానాకాలంలో ఉబ్బి విల్లులా లేస్తాయి. పాలిష్ ముందువైపే కాదు, వెనకవైపు కూడా పూయించండి. కరెంటు తీగలు గొట్టాల్లో వెళ్లాలి, జాయింటు పెట్టెలు చేతికి అందాలి. చెదలమందు ముందే కొట్టించాలి, పలకల వెనక పుట్ట లేచాక ఏం లాభం? వంటింట్లో మాత్రం అసలు వద్దు. ఆ పలకల సందుల్లో చేరిన నూనెజిడ్డు గోకేది ఎవరు? మెచ్చుకునేది చుట్టాలు, కొట్టించేది మగవాళ్లు, దుమ్ము తుడిచేది మనం. పైకప్పు బూజు దులపడానికి స్టూలెక్కే మగవాడు మీ ఇంట్లో ఉంటే చెప్పండి, ఆయన పాదాలకు నమస్కారం చేస్తాను.

నా మాట ఒకటే. కొయ్య మనిషి చెయ్యి తగిలేచోట ఉండాలి. వాకిలి, కిటికీ, ఊయల, దేవుడి గూడు. తలుపును రోజూ తాకుతాం, దాని నునుపు మన చేతికి తెలుస్తుంది. పైకప్పు చెక్కను ఎవరు తాకుతారు? బల్లి. చెక్క మంచిదైతే దాన్ని కొంచెంగా వాడాలి, చాలాకాలం వాడాలి.

చివరికి మా ఇంట్లో ఏం జరిగిందంటారా? పశువుల కొట్టంలో ట్రాక్టరువాడి కంటపడని వేపదూలాలు రెండు మిగిలాయి. ఆచారి ఒకటి కోసి చూపించాడు. లోపల చేవ పాతబెల్లం రంగులో ఉంది. మా వారు దానిమీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల తాత వేయించిన దూలం అది. వాటితో దేవుడి గదికి ద్వారబంధం, హాల్లోకి ఒక ఊయల బల్ల అయ్యాయి. గోడలకు సున్నమే. అమ్మాయి ఫీజు కట్టేశాం.

మొన్న మా మరిది వచ్చి, "ఏం వదినా, గోడలు బోసిగా ఉండాయే" అన్నాడు.

"ఊయల్లో కూర్చో నాయనా, కాఫీ తెస్తాను" అన్నాను. కూర్చున్నాడు. రెండు గంటలపాటు లేవలేదు.