సముద్రానికి ఒక్క మాటేనా?

మొన్నటి అల్పపీడనానికి ఉప్పాడలో కెరటాలు మళ్లీ రోడ్డెక్కాయి. గట్టుకు పేర్చిన రాళ్లు తారు మీదికొచ్చి పడ్డాయి. ఒడ్డునున్న ఓ ఇంటి గోడ సగానికి విరిగి, గూట్లో దేవుడి పటాలు దారిన పోయేవాళ్లకు కనిపిస్తున్నాయి. ఏటా జరిగేదే కదా అని ఊరుకోవడం అలవాటైపోయింది. నాకు కడుపు మండేది అక్కడే.

వాతావరణ మార్పులపై పారిస్ ఒప్పందం కింద మన దేశం 2022లో సవరించి ఇచ్చిన హామీ పత్రం మళ్లీ తీసి చదివాను. 2030 నాటికి అడవులూ చెట్లూ పెంచి, అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే శక్తి తెస్తామన్నారు. సంతోషం. మరి సముద్రం? వ్యవసాయం, నీటి వనరులు, హిమాలయాలు, ఆరోగ్యం అంటూ సాగే వరసలో ‘తీర ప్రాంతాలు’ అన్న మాట ఒకటి దొరికింది. 2008 నాటి జాతీయ వాతావరణ ప్రణాళికలో ఎనిమిది మిషన్లున్నాయి. హిమాలయాలకు ఒకటి దక్కింది, సముద్రానికి లేదు.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును మింగుతున్నది సముద్రం. భూమికెక్కిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా మోస్తున్నదీ అదే. బంగాళాఖాతంలో తుఫాన్లకు బలం ఆ వేడే. దేశ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని 1990 నుంచి 2018 దాకా చేసిన పరిశీలనలో ప్రభుత్వ శాస్త్రవేత్తలే తేల్చారు. సీషెల్స్ ఎంత దేశం! తన మడ అడవులనూ సముద్రపు గడ్డినీ 2030 కల్లా పూర్తిగా కాపాడుకుంటానని 2021లోనే రాసిచ్చింది. 11,098 కిలోమీటర్ల తీరమున్న మనం ఆ మాట ఎందుకివ్వలేం?

మడ అడవుల గురించి ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను, ఇంకా రాస్తాను. కోరంగి మడ అడవిలో పాటు వేళ చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూడండి. తెల్లమడ చుట్టూ బురదలోంచి మేకుల్లా వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ చెట్టుకు ఊపిరి వాటితోనే. వాటి సందుల్లో పీతలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. గాలి సోకని ఆ బురదలో రాలిన ఆకు అంత తొందరగా కుళ్లదు, అందులోని కార్బన్ వందల ఏళ్లు అక్కడే నిలవుంటుంది. ఎకరాకు ఎకరా లెక్కేస్తే మెరక అడవికన్నా మడ అడవి దాచేది ఎన్నో రెట్లు. ఉప్పెన జోరును విరిచేదీ అదే. ఉప్పెనలో దివిసీమను పోగొట్టుకున్నవాళ్లకు ఈ మాట ఒకరు చెప్పాలా?

ఉప్పాడ ఇసుకలో మడ మొలవదు, నిజమే. అక్కడ కోట్లు పోసి వేసిన జియోట్యూబ్ గోడనూ కెరటాలు చీల్చేశాయి. గోదావరి మొగల దగ్గర ఉన్న మడనైనా నిలుపుకోవాలి కదా! మడలు పెంచడానికి కేంద్రం 2023 బడ్జెట్‌లో ‘మిష్టి’ పథకం ప్రకటించింది. అంతకు ముందే కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను పూడ్చారు. ఆ గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడికి ఇల్లు కావాలి, కాదనను. కానీ ఉప్పెన దారిలోనా?

అసలు తీరంలో బతికే మనిషి ఏ లెక్కలోనూ లేడు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అక్కడి కుర్రాళ్లు వేటకు గుజరాత్‌లోని వెరావల్ పోతున్నారు. సొంతూళ్లో బోటు కట్టుకోను జెట్టీ లేక, పట్టిన చేప నిలవుంచను ఐసు లేక పోతున్నారు. అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018లో పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇల్లు చేరారు. వాళ్లొచ్చిన రోజు దండలు వేశారు, ఫొటోలు దిగారు. ఆ దండలు వేసిన నాయకులందరినీ, ఏ పార్టీ వారైనా సరే, ఒకటే అడుగుతున్నాను: ఆ ఊళ్లకు జెట్టీలు ఎప్పుడు కడతారు?