కార్ట్ పట్టుకుంటే రాని నొప్పి

మా అత్తయ్య ఈ వేసవికి రాజమండ్రి నుంచి ఎడిసన్ వచ్చారు. సాయంత్రాలు రూజ్‌వెల్ట్ పార్కుకి తీసుకెళ్తే నాలుగడుగులు వేసి బెంచీ వెతుక్కునేవారు. "కాళ్ళు బరువెక్కిపోతున్నాయమ్మా, కాస్త కూర్చుంటాను" అనేవారు. అదే శనివారం కాస్ట్‌కోకి వెళ్తే గంటసేపు కార్ట్ తోసుకుంటూ అన్ని వరసలూ తిరిగేవారు. "మీ అమ్మగారికి పార్కంటే బద్ధకం, షాపింగంటే హుషారు" అని మావారితో నవ్వుతూ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆవిడ జబ్బు ఆచూకీ చెప్పింది ఆ కార్టే. డాక్టరుగారు ఈ సంగతి విని, పాదాల దగ్గర నాడి చూశారు. రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే కాళ్ళు నొప్పెడతాయట. కానీ ఆ నొప్పి ఊరికే నిలబడితే తగ్గుతుంది. అత్తయ్యకి కూర్చోవాలి, లేదా ముందుకి వంగాలి. "ఇది స్పైనల్ స్టెనోసిస్‌లా ఉంది, ఎమ్మారై తీయిద్దాం" అన్నారు.

వెన్నెముక లోపల నరాలు వెళ్ళే సన్నటి దారి ఉంటుంది. వయసుతో డిస్కులు ఉబ్బి, కీళ్ళ దగ్గర ఎముక పెరిగి, లిగమెంట్లు మందమై ఆ దారి ఇరుకవుతుంది. నిటారుగా నిలబడితే మరింత ఇరుకు, వంగితే కాస్త సందు దొరుకుతుంది. కార్ట్ మీదకి వాలి నడిస్తే నొప్పి రాకపోవడానికి కారణం అదే. నెదర్లాండ్స్ డాక్టర్ హెంక్ వెర్బీస్ట్ 1954లోనే ఈ నొప్పి గురించి వివరంగా రాశారు. అప్పట్లో ఎమ్మారై లేదు. వెన్నులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఎమ్మారైలో ఆ సూదీ లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. నరాల చుట్టూ ఉండే నీరు తెల్లటి చారలా కనిపిస్తుంది. ఇరుకైన చోట ఆ చార నొక్కుకుపోతుంది.

స్కాన్ రోజు అసలు గొడవ మంగళసూత్రం దగ్గర వచ్చింది. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, పిన్నీసులు అన్నీ తీశారు కానీ సూత్రాల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. చివరికి రాజమండ్రి నుంచి మావయ్యగారే ఫోన్లో ఉపాయం చెప్పారు. పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి వేసుకున్నారు. టెక్నీషియన్‌కి చూపించి, ఇందులో లోహం లేదని చెబితే సరేనన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి స్కాన్ ఉంటే ఈ పని ముందురోజే చేసి పెట్టుకోండి. పేస్‌మేకర్, పాత ఆపరేషన్లలో పెట్టిన లోహాలు ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. మోకాళ్ళ కింద దిండు అడగండి, వెల్లకిలా పడుకోవడం వీళ్ళకి కష్టం. డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. ఆసుపత్రిలో రేటుకీ, బయటి ఇమేజింగ్ సెంటర్ రేటుకీ చాలా తేడా ఉంటుంది.

రిపోర్టు రాత్రి పోర్టల్లో వచ్చింది. ఎల్4-ఎల్5 దగ్గర "సివియర్" అని ఉంది. నేను గట్టిగా చదివాను, మావారు ఆపరేషన్ల గురించి వెతకడం మొదలుపెట్టారు. వంటింట్లో ఉన్న అత్తయ్య అంతా విన్నారు. పొద్దున్నే, "టిక్కెట్టు ముందుకి మార్పించు నాన్నా, నా వల్ల మీకెందుకు ఖర్చు?" అని కొడుకుని అడిగారు. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళు చూస్తేనే తెలిసింది.

సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇది ఉచితంగా ఇవ్వాలి, మొహమాటపడకుండా అడగండి. ఆయన బొమ్మలు చూశాక మా వైపు తిరగలేదు. అత్తయ్యని నడవమన్నారు, మడమల మీద నిలబడమన్నారు. "మీరు చెయ్యాలనుకుని చెయ్యలేకపోతున్నదేమిటి?" అని అడిగారు. "పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడలేకపోతున్నానండీ. కూర తిప్పుతూ గట్టు మీదకి వాలిపోతున్నాను" అన్నారు ఆవిడ. నెల రోజులుగా ఆవిడ వండినవి తింటున్నాం. మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు.

అప్పుడు సర్జన్ చెప్పిన మాట మీరూ గుర్తుపెట్టుకోండి. 1990లో ఇక్కడే ఒక అధ్యయనంలో, నడుంనొప్పి ఎన్నడూ లేని 67 మందికి ఎమ్మారై తీస్తే, అరవై దాటినవాళ్ళలో 21 శాతం మందికి ఈ ఇరుకు కనిపించిందట. అంటే బొమ్మలో ఉన్నంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు. పైగా స్కాన్ పడుకోబెట్టి తీస్తారు, నొప్పి వచ్చేదేమో నిలబడినప్పుడు. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే ఏ పూస దగ్గర, ఏ నరం మీద ఒత్తిడి తియ్యాలో చూపించేది ఎమ్మారైయే. చెయ్యాలా వద్దా అన్నది మాత్రం మనిషి కాళ్ళ బలాన్నీ, రోజువారీ ఇబ్బందినీ బట్టి తేలుతుంది.

అత్తయ్య కాళ్ళలో బలం తగ్గలేదు. అందుకని ముందు ఫిజికల్ థెరపీ, ముందుకి వంగే వ్యాయామాలు, కదలని సైకిల్ తొక్కడం. చాలకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం అన్నారు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేశారు. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

టిక్కెట్టు మార్చలేదు. నొప్పి పూర్తిగా పోలేదు కూడా. పొయ్యి పక్కన ఎత్తు స్టూలు వేశాం, కూర తిప్పే పని మావారిది. పార్కుకి ఇప్పటికీ వెళ్తున్నాం. బెంచీ కనిపిస్తే ముందు నేనే కూర్చుంటున్నాను.