ఒకటీ ముప్పావుకు దక్కని మర్యాద

పట్టాదారు పాసుపుస్తకంలో ఒక సర్వే నంబరుకు 1.30, ఇంకో నంబరుకు 2.25 అని ఉందనుకోండి. ఇంజనీరింగు చదివిన కొడుకు సెల్‌ఫోను తీసి రెండూ కూడి 3.55 అంటాడు. మూడున్నర ఎకరాల పైచిలుకు అని ఇంట్లో అందరూ తలాడిస్తారు. తెలంగాణ పాసుపుస్తకంలో ఆ చుక్కకు ఎడమన ఉన్నవి ఎకరాలు, కుడిన ఉన్నవి గుంటలు. ఎకరానికి 40 గుంటలు. అంటే 1.30 ఒకటీ ముప్పావు ఎకరం. 2.25 రెండెకరాల మీద ఎనిమిదింట ఐదు వంతులు. ముప్పావంటే ఎనిమిదింట ఆరు కాబట్టి, రెండూ కలిస్తే నాలుగెకరాల మీద ఎనిమిదింట మూడు వంతులు: 4 ఎకరాల 15 గుంటలు. ఫోను లెక్క నమ్మిన ఇంట్లో 33 గుంటలు మాయమైపోయాయి. గుంటకు 121 చదరపు గజాల చొప్పున 3,993 గజాలు. అన్నదమ్ముల పంపకాల్లో ఒక్క గజం కోసం ఎంత రభస జరుగుతుందో అందరికీ తెలుసు.

ఇంత విలువైన లెక్కను మనం ఎంత చిన్నచూపు చూస్తున్నామన్నదే నా బాధ. హారాలు వేరైన మిశ్రమ భిన్నాల సంకలనం అంటే ఆరు, ఏడు తరగతుల్లో ఒక అభ్యాసం, పరీక్షలో కాసిని మార్కులు, ఆ పైన మరిచిపోవలసిన వస్తువు. మావాడికి అక్షరాలు రావని చెప్పడానికి సిగ్గుపడే తల్లిదండ్రులు, మావాడికి భిన్నాలు రావని నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వు నాకు మింగుడు పడదు.

ఇది మనకు పరాయి విద్య కాదు. హారాలను సమం చేయడానికి క.సా.గు. వాడే పద్ధతిని తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. నన్నయను తలుచుకుని పొంగిపోయే మనం మల్లన పేరు ఎన్ని తరగతి గదుల్లో ఎత్తుతున్నాం?

పుస్తకాల సంగతి అలా ఉంచండి. వీశెల కాలంలో సంతకు వెళ్లే ప్రతి ఇల్లాలికీ ఈ లెక్క వచ్చు. రెండుంబావు వీశెల బెల్లానికి వీశె మీద ఏబులం బెల్లం కలిపితే ఎంత? వీశెకు 40 పలాలు, పావు వీశె అంటే పదలం, ఏబులం అంటే అందులో సగం. కాబట్టి మూడు వీశెల మీద పదిహేను పలాలు. ఆమె కాగితం అడగలేదు. ఉమ్మడి హారం ఆమె చేతిలోని తూకంలోనే ఉండేది. 1957లో నయాపైసలు వచ్చాయి, ఆ తరవాత కిలోలూ వచ్చాయి. అవి రావడం మంచిదే, వాటితో నాకు పేచీ లేదు. అణాలతో పాటు ఆ నేర్పును కూడా చెల్లని నాణెంలా పారేశాం, పేచీ అంతా అక్కడే.

బడిలో నేర్పే తీరు మరీ అన్యాయం. 12¾కి 7⅝ కూడమంటే, ముందు రెంటినీ అపక్రమ భిన్నాలుగా మార్చాలి: 51/4, 61/8. తరవాత 102/8, 61/8. మొత్తం 163/8. మళ్లీ భాగించి 20⅜. పిల్లవాడు దారిలో ఎక్కడో ఒకచోట తప్పిపోతాడు, తప్పు వాడిదే అంటాం. అదే లెక్కను కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషిని అడగండి. పన్నెండూ ఏడూ పంతొమ్మిది, ఎనిమిదింట ఆరూ ఐదూ పదకొండు, అంటే ఒకటి మీద మూడు వంతులు. మొత్తం ఇరవై మీద మూడు వంతులు. నిండు సంఖ్యలు ఒక పక్క, ముక్కలు ఒక పక్క. జాకెట్టు పొడవు 14½ అంగుళాలు, పైన కుట్టుకు ముప్పావు, కింద మడతకు ఒకటింబావు, గుడ్డ 16½ అంగుళాలు కావాలని ఆమె టేపు మెడలోంచి తీయకుండానే చెబుతుంది. ఆమెను గణితం తెలిసిన మనిషిగా మనం ఎన్నడైనా లెక్కలోకి తీసుకున్నామా?

మళ్లీ పొలానికే వద్దాం. కోదాడ తెలంగాణలో, దాని పక్కనే జగ్గయ్యపేట ఆంధ్రలో. అటు గుంటలు, ఇటు సెంట్లు, ఎకరానికి నూరు. రెండు వైపులా పొలం ఉన్న కుటుంబం ఎకరం 35 సెంట్లనూ ఎకరం 15 గుంటలనూ ఎలా కూడుతుంది? ఒకటి ఇరవయ్యింట ఏడు వంతులు, ఇంకోటి ఎనిమిదింట మూడు. ఉమ్మడి హారం 40: పద్నాలుగూ పదిహేనూ ఇరవై తొమ్మిది. పాఠ్యపుస్తకం పిజ్జా ముక్కల బొమ్మ వేసి పిల్లల్ని ఊరిస్తుంటే, ఇంత నిజమైన లెక్క ఊరి పొలిమేరలో దిక్కులేకుండా పడి ఉంది.

అయ్యా, పాఠాలు రాసేవారూ, పేపర్లు దిద్దేవారూ, మిమ్మల్ని వేడుకుంటున్నాను. పాసుపుస్తకాన్ని ఒక్కసారి తరగతి గదిలోకి రానివ్వండి. నిండు సంఖ్యలు వేరుగా, ముక్కలు వేరుగా కూడిన పిల్లకు పద్ధతి పాటించలేదని మార్కులు కోయకండి. వచ్చే ఏడు ప్రశ్నపత్రంలో ఈ కోదాడ, జగ్గయ్యపేట లెక్క ఒక్కటి ఇవ్వండి. జవాబు రెండుసార్లు రాయమనండి: 2 ఎకరాల 29 గుంటలని ఒకసారి, 2 ఎకరాల 72½ సెంట్లని ఇంకోసారి.