బందరులో ఒక పగలు

శీతాకాలపు సెలవులలో పన్నెండు మంది విద్యార్థులను వెంటబెట్టుకొని మేము మచిలీపట్నం వెళ్ళివచ్చాము. పిల్లాపాపలతో అక్కడికి వెళ్ళదలచిన పాఠకులకు ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

'బందరు' పారసీ పదం. ఓడరేవు అని అర్థం. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ఇదే ప్రధాన రేవు. ఇక్కడి నుండి ఎర్ర సముద్రానికి సాగిన ఓడలలో వస్త్రాల మూటలతో పాటు హజ్ యాత్రికులూ ఉండేవారు. కొన్ని గంటలలో జిద్దాలో దిగుతున్న మనకు, గాలివాటుకై ఎదురుచూసి సాగిన ఆ ప్రయాణం ఊహకందడం కష్టమే.

ఫజ్ర్ నమాజ్ అనంతరం మంగినపూడి తీరానికి చేరుకున్నాము. అక్కడ నేల నల్లమట్టి, పాదాలకు అంటుకుంటుంది. అలలు నెమ్మదిగానే కనిపించాయి. అయితే 1864 నవంబరు 1 రాత్రి ఇదే సముద్రం ఉప్పెనగా ఊరిమీదికి వచ్చి సుమారు 30,000 మందిని బలిగొన్నది. బందరుకోటలోని డచ్చివారి శ్మశానంలో పదిహేడవ శతాబ్దపు సమాధులపై వంశచిహ్నాలు, పేర్లు చెక్కి ఉన్నాయి. ఉప్పెనలో పోయినవారి పేర్లు ఎక్కడున్నాయని ఒక విద్యార్థి అడిగాడు. మా వద్ద సమాధానం లేదు.

మధ్యాహ్నం పెడన వెళ్ళాము. సమయం తక్కువగా ఉన్నవారు మిగతావి వదిలినా దీనిని వదలరాదని మా అభిప్రాయం. పేరు కలంకారీ అయినా ఇక్కడ కలంతో గీయరు. ఆ పని శ్రీకాళహస్తిలో. ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. బట్టను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణంతో నలుపు, పటిక అద్ది వేళ్ళ రంగులో ఉడికించి ఎరుపు తెస్తారు. పిదప పారే నీటిలో ఉతుకుతారు. ఇరాను దేశస్థుల అభిరుచి మేరకు మిహ్రాబులు, సరుగుడును పోలిన సర్వ్ వృక్షాలు, పూలతీగలు ఈ అద్దకంలో చేరాయి. జానమాజులూ ఆ దేశానికి ఎగుమతి అయ్యేవి.

మా సంచిలోనూ ఒక జానమాజు ఉంది. రెండేళ్ళ క్రితం దాతల సొమ్ముతో నగరంలోని ఒక దుకాణంలో కలంకారీ అని ముప్పై కొన్నాము. అటువంటివే మరికొన్ని కావాలని ఒక వృద్ధ కళాకారునికి చూపాము. ఆయన దానిని తిరగవేసి, "సాయిబు గారూ, వెనుక తెల్లగా ఉంది చూడండి. ఇది స్క్రీను ప్రింటు. మా రంగు బట్టలోకి దిగుతుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య కాస్త తేడా కూడా కనిపిస్తుంది" అన్నారు. తన కుమారులు ఇరువురూ ఈ పని మానివేశారని, ఇటువంటి సరుకుతో ధరలో పోటీ పడలేకనేనని చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు. మాకే సిగ్గు కలిగింది.

తిరిగి వచ్చాక దాతలకు జరిగినది తెలియజేశాము. వాటిపై చేసిన నమాజుల మాటేమిటని ఒకరు కలత చెందారు. నమాజుకు లోపమేమీ లేదు. లోపం అమ్మకంలోనూ, విచారించకుండా కొన్న మాలోనూ ఉన్నది.

ఉన్న సొమ్ముకు ఎనిమిది మాత్రమే చెప్పి, బయానా ఇచ్చి వచ్చాము. ఎండలు బాగా కాస్తే రమజానుకు ముందే పంపుతానన్నారు. మిహ్రాబు అచ్చు మాత్రం అరిగిపోయిందట, క్రొత్తది చెక్కించాలి.